వాటర్ కలర్ వదులుగా రావాలంటే ఏం వదిలేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఏడాదిన్నరగా వాటర్ కలర్స్ వేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది హైదరాబాద్ కొండాపూర్. ఏ బొమ్మ వేసినా ఇంజనీరింగ్ డ్రాయింగుకి రంగులద్దినట్టు ఉంటోంది. వీడియోల్లో చూసి పెద్ద బ్రష్‌తో గబగబా వేస్తే బురదవుతోంది. వదులుగా, స్వేచ్ఛగా వేయడం నేర్చుకోవడానికి పద్ధతంటూ ఉందా, లేక పుట్టుకతో రావాలా? ఇంకోటి, అమ్మ ఒక బొమ్మ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టమంటోంది, ఎలా కట్టించాలి?" దీంతోపాటు రెండు బొమ్మలు పంపారు. రెండూ మొజంజాహీ మార్కెట్టే.

పుట్టుకతో రానక్కర్లేదు. నాకైతే రాలేదు. నేను ఇరవై ఆరేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ట్రేసింగ్ పేపరు మీద సన్నటి పెన్నుతో గీయడం, గీత తప్పితే బ్లేడుతో గీకి మళ్లీ గీయడం, అదీ నా చేతికి అలవాటైన పని. నలభై దాటాక రంగులు పట్టుకున్నాను. మొదట్లో వేసిన గోల్కొండ బొమ్మను ఆఫీసుకి తీసుకెళ్లి చూపిస్తే పక్క సీటాయన "బాగుంది సార్, దీన్ని పెట్టుకుని ఎస్టిమేటు వేసేయొచ్చు" అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకున్నాను. అందులో చురక ఉందని అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. కాబట్టి బిగుసుకుపోయిన చెయ్యి గురించి నాకు బాగానే తెలుసు.

మీ మొదటి బొమ్మలో కిటికీలన్నీ ఉన్నాయి. రాళ్ల మధ్య సందులున్నాయి. గడియారం స్తంభం మీద ముళ్లు కూడా వేశారు, టైము పన్నెండూ ఇరవై. ఐస్‌క్రీం దుకాణాల బోర్డులు చదువుకోవచ్చు. ఏదీ తప్పు కాదు, కానీ చూసేవాడి కంటికి ఎక్కడ కూర్చోవాలో తెలియదు. రెండో బొమ్మలో కూర్చోవడానికి కుర్చీయే లేదు. బూడిదరంగు భవనం బూడిదరంగు రోడ్డులోకి, ఆ రోడ్డు బూడిదరంగు ఆకాశంలోకి పోయాయి. ఇవి రెండు వేరు వేరు జబ్బులని మీరనుకుంటున్నారు. నా లెక్కలో ఒకటే. మొదటిసారి ఏం వదిలేయాలో తేల్చుకోలేదు కాబట్టి అన్నీ వేశారు. రెండోసారి ఏం ఉంచాలో తేల్చుకోలేదు కాబట్టి అన్నీ పోయాయి. తేల్చుకోవాల్సింది బ్రష్ తడపకముందు. తడిపాక ఆలోచించే తీరిక నీళ్లు ఇవ్వవు.

ఆ వీడియోలను ఈసారి సౌండు తీసేసి చూడండి. బ్రష్ కాగితం మీద ఎంతసేపు ఉంది, గాల్లో ఎంతసేపు ఉంది అని మాత్రమే గమనించండి. బాగా వేసేవాళ్ల బ్రష్ చాలాసేపు గాల్లోనే ఉంటుంది. ఆయన చూస్తున్నాడు, ఆగుతున్నాడు, రంగు కలుపుతున్నాడు, ఒక్కసారి పెట్టి తీసేస్తున్నాడు. మనం చూసేది ఆ పెట్టిన క్షణాన్ని. అందుకే వేగం అనుకుంటాం.

ఇక కాగితం. ఎందుకంటే రెండో బొమ్మలో సగం తప్పు మీది కాదు. అంచులు చూస్తే తెలుస్తోంది, రంగు కదల్లేదు, తగిలినచోటే ఇంకిపోయి మచ్చ కట్టింది. అది చెక్కగుజ్జుతో చేసిన స్టూడెంట్ ప్యాడ్ అయి ఉంటుంది. వదులుగా వేయాలంటే 100 శాతం కాటన్, 300 జీఎస్ఎం (చదరపు మీటరు 300 గ్రాములు తూగేది), కోల్డ్ ప్రెస్ (కొంచెం గరుకుగా ఉండేది) కాగితం కావాలి. దీంట్లో బేరం లేదు. నూలు పీచు నీటిని లోపల పట్టి ఉంచుతుంది. పైన పూసిన జిలటిన్ లాంటి సైజింగ్ రంగును వెంటనే లోపలికి పోనివ్వదు. రెండూ కలిసి మీకిచ్చేది టైము. ఆ టైములోనే రంగులు ఒకదాంట్లోకి ఒకటి నడుస్తాయి. చౌక కాగితం మీద ఎంత గొప్పవాడు వేసినా ఆ నడక రాదు. పట్టు చీర మీద వేయాల్సిన ముగ్గు గోనెసంచి మీద వేసినట్టుంటుంది.

ఖరీదెక్కువే, ఒప్పుకుంటాను. 22×30 అంగుళాల పెద్ద షీటు కొని ఎనిమిది ముక్కలు చేసుకోండి, ఒక్కోటి 7.5×11 వస్తుంది. రెండు వైపులా వేయండి. పాడైన బొమ్మ వెనకే నా మంచి బొమ్మలు కొన్ని ఉన్నాయి. రంగుల మీద పెట్టే డబ్బులో సగం కాగితానికి మళ్లించండి. "ఇంత ఖరీదు కాగితం పాడైపోతుందేమో" అన్న భయం చేతిని మళ్లీ బిగిస్తుంది, అది నిజమే. ముక్కలు చేయమనడం అందుకే. అంత చిన్న ముక్క పాడైతే ఎవరూ ఏడవరు.

రంగులు ఆరు చాలు: అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా, యెల్లో ఓకర్, ఒక నిమ్మపసుపు, పర్మనెంట్ రోజ్, థాలో బ్లూ. పాత పుస్తకాలు చెప్పే అలిజరిన్ క్రిమ్సన్ వద్దు, వెలుతురుకి వెలిసిపోతుంది. ట్యూబులే కొనండి, ఆర్టిస్ట్ గ్రేడు. ఎండిపోయిన కేకుల మీద బ్రష్ రుద్దుతూ చిక్కటి రంగు తీయడానికి ఓపిక కావాలి, ఆ లోపల కాగితం ఎండిపోతుంది. బ్రష్‌లు మూడు: వాష్‌కి, అంటే పలుచని రంగు వెడల్పుగా పరచడానికి, మాప్ అనే మెత్తటి లావు బ్రష్, మొన బాగా కుదిరే 10వ నంబరు రౌండు, కరెంటు తీగలకీ కొమ్మలకీ రిగ్గర్ అనే పొడవాటి సన్న బ్రష్. పాలెట్‌గా తెల్ల పింగాణీ ప్లేటు బాగుంటుంది. పాత ఏటీఎం కార్డు ఒకటి దాచుకోండి. తడి కాస్త తగ్గిన ముదురు రంగు మీద దాని మూలతో గీకితే లేత గీత తేలుతుంది, చెట్టు మానుకి, గోడ అంచుకి పనికొస్తుంది. అంతే, సరంజామా గురించి ఇంతకంటే మాట్లాడితే మనం బొమ్మలు వేసేవాళ్లం కాదు, కొట్టు పెట్టేవాళ్లమవుతాం.

అసలు చదువు నీళ్ల దగ్గర. మెల్‌బోర్న్‌లో ఉండే వాటర్ కలర్ చిత్రకారుడు జోసెఫ్ జ్బుక్విచ్ రంగు చిక్కదనాన్ని ఐదు మెట్లుగా చెబుతాడు: టీ, కాఫీ, పాలు, మీగడ, వెన్న. దీనికంటే తేలిగ్గా చెప్పినవాళ్లని నేను చూడలేదు. ఒక్క జాగ్రత్త. నా దగ్గరికి వచ్చే కుర్రాడొకడు టీ అంటే ఇరానీ చాయ్ అనుకుని ఆకాశమంతా చిక్కగా పులిమాడు. హైదరాబాదీని తప్పుపట్టలేం. ఇక్కడ టీ అంటే పాలు లేనిది, గ్లాసు అడుగు కనిపించేది. ఆకాశం, దూరం, ఎండ పడిన గోడ అంతా టీ. మధ్య దూరంలో నీడలు కాఫీ నుంచి పాల దాకా. దగ్గరి ముదురు నీడలు మీగడ. ఆఖర్లో వేసే నాలుగు చుక్కలు, ఒక తలుపు సందు, ఆటో టైరు కింద నీడ, అవి వెన్న. మీ రెండో బొమ్మ మొదటినుంచి చివరిదాకా కాఫీలోనే ఉంది. నీళ్లు చల్లేసిన ఫోటోలా కనిపించడానికి కారణం అదే. ఇంకో సంగతి, వాటర్ కలర్ ఎండాక ఒక మెట్టు లేతబడుతుంది. తడిగా ఉన్నప్పుడు సరిపోయిందనిపిస్తే ఎండాక చాలదు. కొంచెం ఎక్కువైందనిపించేలా వేయండి.

రంగు చిక్కదనం సగం సంగతి. కాగితం ఎంత తడిగా ఉందన్నది మిగతా సగం. కాగితాన్ని కళ్లకి ఎదురుగా వాల్చి వెలుతురులో చూడండి. మొదట అద్దంలా మెరుస్తుంది, నీళ్లు పైన నిలిచి ఉంటాయి. అప్పుడు రంగు వేస్తే మేఘంలా పరుచుకుంటుంది, ఆకారం నిలవదు. కాసేపటికి పట్టుబట్టలా మెత్తటి మెరుపు వస్తుంది. చెట్టు అంచు, దూరపు మినార్, పొగమంచులో మనిషి, ఇవన్నీ వేయాల్సింది అప్పుడే. రంగు కొంచెం పాకి ఆగుతుంది. ఆ తర్వాత మెరుపు పోతుంది, కానీ వేళ్ల వెనకభాగం ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఇక్కడ చేతులు కట్టుకోవాలి. పూర్తిగా ఎండాక చల్లదనం ఉండదు, అప్పుడు మళ్లీ మొదలుపెట్టొచ్చు.

చల్లగా తగిలే దశలోనే అందరం పాడుచేస్తాం. అక్కడ పలుచని రంగు తగిలిందా, ఆ నీళ్లు చుట్టూ ఉన్న రంగు రేణువుల్ని ముందుకి నెట్టుకుంటూ పోయి అంచున పడేస్తాయి, కాలీఫ్లవర్ పువ్వులాంటి మచ్చ పడుతుంది. దాన్ని సరిచేద్దామని రుద్దుతాం. సగం ఎండిన కింది రంగు లేచి పై రంగుతో కలుస్తుంది. అదీ మీ బురద. మూడు రంగులు కలిస్తే బురద అవుతుందని చాలామంది చెబుతారు. పాలెట్‌లో ఐదు కలిపినా శుభ్రంగా ఒక్కసారి పెడితే బురద కాదు, రెండే కలిపినా నాలుగుసార్లు రుద్దితే అవుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: తడి కాగితం మీద ఇప్పటికే ఉన్నదానికంటే చిక్కటి రంగే పెట్టాలి, పలుచనిది పెట్టకూడదు. బ్రష్ కడిగాక గుడ్డకి అద్దకుండా రంగులో ముంచుతున్నారేమో కూడా చూసుకోండి. చిక్కటి రంగు తీశానని మీరనుకుంటారు, బ్రష్ పొట్టలో మాత్రం అర చెంచాడు నీళ్లుంటాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఒక పాత బనీను గుడ్డ ఇచ్చి ఎడమచేతిలో పట్టుకోమంటాను. సగం తప్పులు దాంతోనే పోతాయి.

మన ఊళ్లో ఈ మెట్లు ఋతువుని బట్టి మారతాయి. వీడియో వేసేవాడు ఎక్కడో చల్లటి ఊళ్లో కూర్చుని "ఐదు నిమిషాలాగి చెట్లు వేయండి" అంటాడు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఐదు నిమిషాలాగితే ఏమీ మిగలదు. నలభై డిగ్రీల పొడి ఎండలో, పైన ఫ్యాన్ తిరుగుతుంటే, వాష్ చివరిదాకా వచ్చేసరికి మొదలు ఎండిపోయి ఉంటుంది. అప్పుడు కాగితాన్ని రెండు వైపులా తడిపి ఒక ప్లాస్టిక్ షీటు మీద పరవండి. వెనక తడి ఉన్నంతసేపు ముందు ఎండదు, పావుగంట దొరుకుతుంది. ఫ్యాన్ ఆపండి. చెమట కారుతుంది, కారనివ్వండి, బొమ్మ మీద పడకుండా చూసుకోండి చాలు. జులై, ఆగస్టుల్లో అంతా తలకిందులు. వాష్ ఇరవై నిమిషాలైనా చల్లగానే ఉంటుంది, ఆ చేతులు కట్టుకునే దశ సాగి సాగి విసుగు పుట్టిస్తుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టుకోండి, కానీ మెరుపు పోయాకే వాడండి. ముందే వాడితే గాలికి రంగు ఒక మూలకి పరిగెత్తుతుంది. వానాకాలంలో కాగితాన్ని విడిగా బీరువాలో పడేయకండి. తేమకి సైజింగ్ చెడిపోతుంది. అలాంటి కాగితం మీద రంగు పెడితే బ్లాటింగ్ పేపరులా పీల్చేసుకుని, చిన్న చిన్న ముదురు చుక్కలు తేలతాయి. ఒక ఏడాది నా షీట్లన్నీ అలా పోయాయి, నెలరోజులు నా చేతినే తిట్టుకున్నాను. నవంబరు నుంచి జనవరి దాకా ఉదయాలు మాత్రం వాటర్ కలర్ కోసమే పుట్టినట్టుంటాయి.

మొదటి నెల ఒక్క రంగుతో వేయండి. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపిన ముదురు బూడిదరంగు చాలు. రంగు లేకపోతే బొమ్మ నిలబడేది వెలుగునీడల మీదే, దాక్కోవడానికి చోటుండదు. ప్రతి బొమ్మకి ముందు అగ్గిపెట్టె సైజులో మెత్తటి పెన్సిల్‌తో ఒక చిన్న స్కెచ్ వేయండి. కళ్లు సగం మూసి చూస్తే ఎదురుగా ఉన్నదంతా మూడు ముక్కలవుతుంది: తెలుపు, మధ్యరకం, నలుపు. ఆ మూడింటినే వేయాలి. మూడింటిలో ఏదో ఒకటి ఎక్కువ ఉండాలి, మూడూ సమానంగా ఉంటే బొమ్మ చదరంగం బల్లలా ఉంటుంది. నీడలన్నింటినీ కలిపేయండి. చూరు కింద నీడ, దాని కింద నిలబడ్డ మనిషి ప్యాంటు, అతని పక్కన స్కూటర్, నేల మీద నీడ, ఇవన్నీ మనకి నాలుగు వస్తువులు, కళ్లు సగం మూస్తే ఒకే మచ్చ. దాన్ని ఒకే మచ్చగా, బ్రష్ ఎత్తకుండా వేయగలిగిన రోజు మీ సమస్య సగం తీరుతుంది. పేర్లు మర్చిపోవడం దీంట్లో కష్టమైన పని. డ్రాఫ్ట్స్‌మన్‌గా నాకు ప్రతి గీతకీ ఒక పేరు, ఒక కొలత ఉండేవి. స్కూటర్‌ని స్కూటర్ అనుకోకుండా చూడడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

రెండో నెల రాళ్లు. మనకంటే అదృష్టవంతులెవరు? 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్లు దుర్గం చెరువు చుట్టూ, మౌలాలీ దగ్గర, గోల్కొండ కింద పడి ఉన్నాయి. కొండాపూర్ నుంచి దుర్గం చెరువు ఎంత దూరం! అల్ట్రామెరీన్ రేణువులు కాగితం గుంటల్లో రవ్వరవ్వగా కూర్చుంటాయి. బర్న్ట్ సియెన్నాతో కలిపి తడిగా వదిలేస్తే ఎండే లోపల రెండూ కాస్త విడిపోయి, గుండు రాయి గరుకు దానంతటదే వస్తుంది. మీరు చుక్కలు పెట్టక్కర్లేదు. ఇక్కడ థాలో బ్లూ పనికిరాదు, దాని రేణువులు సన్నవి, కాగితానికి అంటుకుపోతాయి. రాయిని ముందు యెల్లో ఓకర్ టీతో అంతా కప్పి, పట్టు మెరుపు వచ్చాక నీడవైపు ఈ బూడిదరంగుని పాల చిక్కదనంలో పెట్టి, బోర్డుని కాస్త వాల్చి కూర్చోండి. కిందికి జారేది చూస్తూ ఉండండి, ముట్టుకోకండి. రాయిలో మంచి గుణం ఏమిటంటే దాని పోలిక తప్పిందని ఎవరూ అనరు. చేతికి ధైర్యం రావడానికి అంతకంటే మంచి మోడల్ లేదు.

అప్పుడు చార్మినార్‌కి రండి. డిసెంబరులో ఆదివారం పొద్దున్న ఏడింటికి గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి దక్షిణంగా చూడండి. చలికాలం సూర్యుడు ఆగ్నేయం నుంచి వస్తాడు కాబట్టి మీ వైపున్న ముఖమంతా నీడలో ఉంటుంది, వెనక ఆకాశం తెల్లగా ఉంటుంది. 1591లో కట్టిన భవనంలోని ఆ సున్నపు అల్లికలన్నీ, ఆ చిన్న ఆర్చులన్నీ, నీడలో కరిగిపోయి ఒకే ఊదా మచ్చ అవుతాయి. మీరు వదిలేయాల్సినవి వెలుతురే వదిలేసింది. నాలుగు మినార్ల తలలు, మధ్య ఆర్చి, ఎడమ అంచున సన్నగా ఎండ గీత, ఇంతే. అదే చోటు మధ్యాహ్నం పన్నెండింటికి చూస్తే ప్రతి నగిషీ "నన్ను వెయ్యి" అని అరుస్తుంది. వదులుగా వేయాలనుకునేవాళ్లు ఎండకి ఎదురుగా నిలబడడం అలవాటు చేసుకోవాలి. మీరు మొజంజాహీ బొమ్మలు ఫోటో చూసి వేసి ఉంటారు, అది మధ్యాహ్నం తీసిందనుకుంటాను. ఎక్కడా నీడ లేదు. నీడ లేని ఫోటో నుంచి వదులైన బొమ్మ తీయడం నాకూ రాదు.

అక్కడ కూర్చుంటే జనం మూగుతారు. "అంకుల్, కిత్నే కా బనాయా?" అని అడుగుతారు. మొదటి రెండు మూడుసార్లు టెన్షన్‌గా ఉంటుంది, తర్వాత వాళ్లే మీకు చాయ్ తెచ్చిస్తారు. మీ బొమ్మలో మనుషులు లేకపోవడానికి కారణం భయమే కదా? మనిషిని తల, కాళ్లు, చేతులుగా వేయకండి. ఒక క్యారెట్ అనుకోండి: భుజాల దగ్గర వెడల్పు, కిందికి సన్నం, పైన కొంచెం ఎడంగా చిన్న చుక్క తల. పాదాలు వేయొద్దు, నేల మీద నీడలోకి కలిపేయండి. మీరు నిలబడి వేస్తుంటే, చదును నేల మీద నిలబడ్డవాళ్ల తలలన్నీ దూరమైనా దగ్గరైనా దాదాపు మీ కంటి గీత మీదే ఉంటాయి. దూరంగా ఉన్నవాళ్ల కాళ్లు పైకి వస్తాయి, అంతే. ఈ ఒక్క సంగతి తెలిస్తే లాడ్ బజార్‌లో యాభై మందిని ఐదు నిమిషాల్లో నింపొచ్చు. ఒక పేజీ నిండా క్యారెట్లు వేయండి, రోజూ. బస్సు స్టాపులో వేయండి, ఆఫీసు మీటింగులో కూడా వేయండి.

అంచుల గురించి ఒక మాట. మీ బొమ్మలో ప్రతి వస్తువుకీ చుట్టూ కంచె ఉంది. తెల్ల కుర్తా వేసుకున్నాయన ఎండ పడిన గోడ ముందు నడుస్తుంటే, ఎండ వైపు భుజం ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. కానీ కుర్తా ఉందని బుర్రకి తెలుసు కాబట్టి గీసేస్తాం. ఆ గీత వేయకండి. చూసేవాడే పూర్తిచేసుకుంటాడు, పూర్తిచేసుకున్నందుకు సంతోషపడతాడు కూడా. ఒక బొమ్మలో మూడో నాలుగో గట్టి అంచులుంటే చాలు, అవి ఎక్కడ పెడితే కన్ను అక్కడికి వెళ్తుంది.

ఇంతా చెప్పి ఇంకోటి చెప్పకపోతే మోసం చేసినవాణ్ణవుతాను. డ్రాయింగ్ మానకండి. మీ మొదటి బొమ్మలో పర్‌స్పెక్టివ్ సరిగ్గా ఉంది, స్తంభం నిటారుగా ఉంది, అది మీ ఆస్తి. వదులుగా వేసేవాళ్లందరికీ లోపల గట్టి డ్రాయింగ్ ఉంటుంది. అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్‌ని చూడండి. నూనెరంగుల్లో పోర్ట్రెయిట్లు వేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన వాటర్ కలర్స్ 83 బ్రూక్లిన్ మ్యూజియం 1909లో ఒకేసారి కొంది. దగ్గరకెళ్తే పిచ్చిగీతలు, నాలుగడుగులు వెనక్కి వస్తే పడవ, నీళ్లు, రాయి. ఎక్కడ పెట్టాలో తెలిసిన చెయ్యి కాబట్టి ఎలా పెట్టినా సరిపోయింది. మన దేశంలో పుణేలో మిలింద్ ములిక్ బొమ్మలు చూడండి, మామూలు గల్లీలు, గోడలు, నీడలు. మన వీధుల్లాంటి వీధుల్లో ఏం వదిలేయొచ్చో ఆయన దగ్గర తెలుస్తుంది.

మెత్తదనాన్ని చూసి వదులనుకోకండి, ఇది తరచూ జరిగే పొరపాటు. బెంగాలీ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ వాష్ పద్ధతిలో బొమ్మని మళ్లీ మళ్లీ నీళ్లలో తడిపి రంగు కడిగి మళ్లీ వేస్తారు, మంచు తెరలోంచి చూసినట్టుంటుంది. ఎంత మెత్తగా ఉన్నా అక్కడ ప్రతి గీతా బిగించి కట్టిన గీతే. ఎప్పుడైనా రాజమండ్రి వెళ్తే చిత్రకారుడు దామెర్ల రామారావు పేరుతో ఉన్న గ్యాలరీలో ఆగండి. 1897లో పుట్టి 1925లోనే పోయిన మనిషి ఆ వయసుకి ఏం గీత సాధించాడో చూస్తే, డ్రాయింగ్ ఎందుకు మానొద్దన్నానో అర్థమవుతుంది.

క్లాసులకి వెళ్లాలా అని మీరు అడగలేదు, అయినా చెబుతాను. నేనొకసారి రెండు రోజుల వర్క్‌షాపుకి డబ్బు కట్టి వెళ్లాను. తడి రంగు మీద ఉప్పు చల్లించారు, ప్లాస్టిక్ కవరు నలిపి అంటించారు, టూత్ బ్రష్‌తో చిమ్మించారు. ఇంటికొచ్చాక చూస్తే ఆరు బొమ్మలూ ఒకేలా ఉన్నాయి, ఏ ఒక్కటీ నాది కాదు. ఉప్పు తప్పని కాదు, కానీ ముందు నీడ ఎక్కడుందో తెలియాలి. నేర్పేవాళ్లని ఎంచుకోవాల్సి వస్తే, మీ ముందు కూర్చుని బయట ఎండలో వేసి, మధ్యలో పాడైతే "పాడైంది" అని ఒప్పుకునేవాళ్లని చూసుకోండి.

ఎప్పుడు ఆపాలన్నది కూడా మీ సమస్యే, మొదటి బొమ్మ చూస్తే తెలుస్తోంది. ఫోన్‌లో ఇరవై ఐదు నిమిషాల అలారం పెట్టుకోండి. మోగగానే బ్రష్ నీళ్లలో పడేసి బొమ్మని గదికి ఆ చివర గోడకి ఆనించండి. మర్నాడు పొద్దున్న చూడండి. ఏదన్నా తక్కువైతే అప్పుడు మూడు బ్రష్‌వేట్లకి మించకుండా వేయండి. సాధారణంగా ఏదీ తక్కువవ్వదు. పది బొమ్మల్లో తొమ్మిది పోతాయి, ఒకటి ఫర్వాలేదనిపిస్తుంది. నాకిప్పటికీ అదే లెక్క, కాకపోతే ఇప్పుడు పోయినవి కూడా కొంచెం బాగా పోతున్నాయి.

అమ్మగారి ఫ్రేము సంగతి. వాటర్ కలర్‌కి అద్దం కావాలి, కానీ అద్దం కాగితానికి తగలకూడదు. మధ్యలో మౌంటు బోర్డు పెట్టించండి, ఆ సందులో గాలి ఉంటుంది. బొమ్మని వెనక బోర్డుకి ఫెవికాల్‌తో పూర్తిగా అంటించొద్దని షాపువాడికి రెండుసార్లు చెప్పండి, పై అంచున రెండు చోట్ల యాసిడ్ లేని టేపుతో వేలాడదీస్తే చాలు. నేను చెప్పడం మర్చిపోయిన బొమ్మ ఒకటి అంటించి ఇచ్చారు. రెండు వానాకాలాలకి ఆకాశమంతా గోధుమరంగు బూజు చుక్కలు వచ్చాయి. బాత్‌రూం గోడకి, బయటి గోడకి తగిలించకండి. ఎండ నేరుగా పడే కిటికీ ఎదురుగానూ వద్దు. హాల్లో టీవీ వెనక గోడ ఖాళీగా ఉంటే అది సరిపోతుంది. అయితే మొజంజాహీ రెండూ కాకుండా, దుర్గం చెరువు రాళ్లలో మొదట కుదిరినదాన్ని పెట్టండి.